ఆగిపోయిన బరాత్

ప్రతి ఆదివారం పొద్దున పాలబండి పోగానే పశువుల డాక్టర్ అరుణజ్యోతి మన్సూరాబాద్ నుంచి స్కూటీ మీద చంపాపేట్‌కు వస్తుంది. అక్కడ ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో లింగస్వామి గుర్రం బిజిలీ ఉంటుంది. బరాత్ ఊరేగింపుల్లో పెళ్లికొడుకులను మోసే తెల్లగుర్రం. దాని వెనక కాలు పట్టేసింది. శ్రావణం పెళ్లిళ్లలోగా నడవకపోతే అమ్ముకోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటేనే లింగస్వామికి అన్నం దిగడం లేదు.

డాక్టరమ్మ సన్నటి సూదులు ఒక్కొక్కటే గుచ్చుతుంది. గుచ్చిన చోటల్లా బిజిలీ వెళ్లొచ్చిన ఏదో ఒక పెళ్లి బ్యాండు మెల్లగా మోగుతుంది. పక్కింటి అండాలమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటూ, "మా చిన్నోని బరాత్ గిదే" అంటుంది. ఆ ఆదివారం మెడ నుంచి వీపు దాకా సూదులన్నీ చక్కగా మోగాయి. తుంటి మీది సూది మాత్రం సగం పాటతో ఆగిపోయింది.

"నొప్పి గీడనే ఉంది. ఎవరి బరాత్ ఇది?" అంది డాక్టరమ్మ.

లింగస్వామికి తెలియకేం, సొంత మేనల్లుడు సాయినాథ్‌ది. కొత్తపేట మలుపులో దోస్తులు గుర్రాన్ని ముందుకు కదలనీయకుండా ఎగిరెగిరి డాన్సు చేసి ముహూర్తం దాటించారు. పెళ్లికూతురు సంధ్యారాణి తండ్రి రామచంద్రం కోపంతో గేటు మూయించాడు. పెళ్లికొడుకు గుర్రం దిగి వెనక్కి పోయాడు. ఇద్దరికీ ఇంకా పెళ్లి కాలేదు. బిజిలీ కుంటడం కూడా అప్పటి నుంచే.

"గట్లయితే గా గేటు దాకా నడిపియ్యాలె. నేను చెప్తున్న గదా, నడుస్తది," అంది సంగతంతా విన్న డాక్టరమ్మ.

మామ పిలిస్తే సాయినాథ్ తన ఆటో పక్కకు పెట్టి వచ్చాడు. "గా ఇంటికి ఏం మొఖం పెట్టుకొని పోవాలె మామా?"

"నీ మొఖం సంగతి తర్వాత. ముందుగాల నా గుర్రం సంగతి చూడు."

తుంటి మీద ఆ ఒక్క సూదినే ఉంచి బయల్దేరారు. కుంటుతూ కుంటుతూ కొత్తపేట మలుపు దాకా వచ్చి బిజిలీ నిలబడిపోయింది. సాయినాథ్ దాని మెడ నిమిరాడు. "తప్పు నాదే. పా, పోదాం." సూది దగ్గర మిగిలిన పాట అందుకుంది. బిజిలీ నాలుగు కాళ్లూ సమంగా వేస్తూ గేటు ముందుకొచ్చి ఆగింది. లింగస్వామి కళ్లు తుడుచుకున్నాడు.

బ్యాండు విని సంధ్యారాణి బయటికొచ్చింది. సాయినాథ్‌ను చూసి లోపలికి పోయింది. పెళ్లిళ్లలో పెట్టినట్టే గిన్నెలో శనగపప్పు తెచ్చి గుర్రానికి పెట్టింది.

"గింత లేటా?" అంది, అతని వైపు చూడకుండా.

"కొత్తపేట ట్రాఫిక్ గదా," అన్నాడు సాయినాథ్.

ఆమెకు నవ్వాగలేదు. వాకిట్లో కూర్చున్న రామచంద్రం గేటు మూయడానికి లేచాడు. సంధ్యారాణి రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"ముహూర్తం నేను చూసుకుంట నాయినా. నువ్వు పోయి చాయ్ పెట్టు."