పైన ఉండాల్సిన కడ్డీలు

తడి దుప్పటి పిండి తీగ మీద వేస్తూ ఆమె మళ్ళీ అటే చూసింది, బాల్కనీ పలక గోడలో కలిసే చోటు వైపు.

"బట్టలారేయడానికి కూడా అంత పరిశోధనా?" అన్నాడు భర్త లోపల్నుంచి, పేపరు దించకుండానే. "టీ సంగతి చూడు ముందు."

ఆదివారం. ఇద్దరికీ సెలవే. ఆయన సెలవు కుర్చీలో గడుస్తుంది, ఆమె సెలవు సింకు దగ్గర గడుస్తుంది. ఇద్దరూ ఇంజనీర్లే. ఆయన ఒక కంపెనీలో సైటు చూస్తాడు, ఆమె ఇంకో ఆఫీసులో భవనాల డ్రాయింగులు వేస్తుంది. ఆయనది ఉద్యోగం. ఆమెది, అత్తగారు చుట్టాలకు చెప్పే లెక్కలో, "ఏదో, ఆఫీసుకెళ్ళొస్తుంటుంది."

నెల రోజుల కిందట, ఆమె డ్రాయింగు వేసిన అపార్టుమెంటులో మూడో అంతస్తు బాల్కనీ ఒకటి, ఆసరా కర్రలు తీసిన మూడో రోజున జానెడు కిందికి వంగిపోయింది. అక్కడ తుడుస్తున్న మనిషి బకెట్టు నింపుకుందామని అప్పుడే లోపలికి అడుగుపెట్టింది. ఆ ఒక్క అడుగే ఆ మనిషిని బతికించింది. పగలగొట్టి చూస్తే సంగతి తెలిసింది. గోడలోంచి బయటికి చాచిన పలకకు బరువు మోసే ఇనుప కడ్డీలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు పనివాళ్ళు వాటిని తొక్కుకుంటూ నడిచారు. కడ్డీలు అడుక్కి దిగిపోయాయి. పైకి చూస్తే నున్నటి నేల, లోపల ఉండీ లేని ఇనుము.

మిగతా బాల్కనీలన్నీ చూడాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. ఆఫీసు పెద్దాయన విసుక్కుంటూనే చూపించాడు. ఇంకో రెండు అలాంటివే దొరికాయి. మూడింటినీ కూల్చి కొత్తగా పోశారు.

"ఇక ఈ మాట ఈ గది దాటకూడదు" అన్నాడాయన.

"వేరేచోట్ల కూడా ఇలాగే జరుగుతుంటే సార్?"

"లోకం సంగతి మనకెందుకమ్మా, అనుమానాలమ్మా!"

అందరూ నవ్వారు. ఆ పేరు పెట్టి ఆరేళ్ళయింది. లెక్క రెండుసార్లు సరిచూసుకునే మగవాణ్ణి అదే ఆఫీసులో జాగ్రత్తపరుడంటారు.

ఇంట్లో చెబితే భర్త తేల్చేశాడు. "నీ డ్రాయింగు సరిగ్గానే ఉందిగా, నీ మెడకెందుకు చుట్టుకుంటావు?" సరిగ్గా ఉందా? ఆమెను తొలుస్తున్నది అదే. కడ్డీలు కిందికి దిగకుండా వాటి కింద చిన్న ఇనుప పీటలు పెడతారు, సైట్లో చైర్లంటారు. వాటిని ఎంత దూరానికొకటి పెట్టాలో ఆమె డ్రాయింగులో చూపించలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది. ఆ డ్రాయింగు పూర్తిచేసే రోజు త్వరగా ఇంటికి రమ్మని అత్తగారు మూడుసార్లు ఫోన్ చేశారు. హడావుడిగా ముగించి పంపేసింది. ఆ మాట సాకుగా చెప్పుకోవడం ఆమెకిష్టం లేదు. అలాగని మరిచిపోవడమూ కుదరలేదు.

ఇంజనీర్ల సంఘం ఒకటి ఇలాంటి వైఫల్యాల గురించి గోప్యంగా రాయమంటుంది. మనిషి పేరు గానీ భవనం పేరు గానీ బయటపెట్టరు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది మాత్రం నలుగురికీ తెలియజేస్తారు. టీ కప్పులు కడిగేశాక ఆమె వంటింటి బల్ల దగ్గరే కూర్చుని రాసింది. తను చూపించని చైర్ల గురించి కూడా రాసింది.

అత్తగారు తొంగిచూసి, "సరుకుల చీటీయా? సబ్బులు రాయి" అన్నారు.

"రాస్తానత్తయ్యా" అంది.

వారం తర్వాత, మధ్యాహ్న భోజనం వేళ ఫోన్ మోగింది. అవతల పెద్దావిడ గొంతు. ముప్ఫయ్యేళ్ళు వంతెనలు కట్టి రిటైరయిన ఇంజనీరట, ఇప్పుడు సంఘానికి వచ్చే రిపోర్టులు చూస్తుందట. ఆమె ఆఫీసు మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. కడ్డీల మీద నడవడానికి చెక్కలు వేశారా, పోసే ముందు ఎవరు చూశారు, చైర్లు ఎన్ని ఉన్నాయి అని ఆవిడ ఒక్కొక్కటే అడిగింది. జవాబు పూర్తయ్యేదాకా ఆగింది. మధ్యలో ఒక్కసారైనా మాట తుంచలేదు. ఇన్నేళ్ళలో తన మాట చివరిదాకా విన్నవాళ్ళెవరా అని ఆమె వెతుక్కుంది. ఎవరూ తట్టలేదు.

"మీ పేరు నాకూ ఇంకొకరికీ తప్ప తెలియదు. పని కాగానే ఆ కాగితం మీకే పంపేస్తాం" అంది పెద్దావిడ. "తన లోపం కూడా రాసేవాళ్ళు తక్కువమ్మా. మీరు రాశారు. చాలా థాంక్స్."

ఆ మెట్ల మీదే ఆమెకు కళ్ళు నిండిపోయాయి. చేసిన పనికి ఎవరైనా థాంక్స్ చెబితే ఎలా ఉంటుందో ఒంటికే అలవాటు తప్పిపోయినట్టుంది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం భర్త బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఇవాళ మా సైట్లో బాల్కనీలకు కాంక్రీటు పొయ్యాలి. పొద్దున ఎవరో సంఘం వాళ్ళ రిపోర్టు పంపితే చదివాను. బొమ్మతో సహా వేశారు. ఎందుకో మనసాగక పైకెళ్ళి చూశానే... ఆరింటిలోనూ కడ్డీలు కిందికి దిగి ఉన్నాయి. పని ఆపించేశా. వాటి కిందే పిల్లలాడుకునే స్థలం." నీళ్ళు గటగటా తాగాడు. "ఎవడు రాశాడో గానీ, మహానుభావుడు."

నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. కాగితం చదివి పక్కన పడేయకుండా మెట్లెక్కి వెళ్ళి చూసిన మనిషి. ఎన్నాళ్ళకో ఆయన మీద ప్రేమ పొంగింది. ఈ ఇంట్లో తను ఉతికినవీ వండినవీ తుడిచినవీ పేరు లేకుండానే పోయాయి, తనను ఎవరూ అడగకుండానే. ఈ ఒక్కదానికి మాత్రం పేరు వద్దని తనే అనుకుంది. ఆ తేడా ఎంత హాయిగా ఉందో!

"మీరు వెళ్ళి చూశారు చూడండి, అది గొప్ప" అంది.

ఆయన ఆమెను వింతగా చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, తాగిన గ్లాసు తనే కడిగి పెట్టాడు.

మర్నాడు పెద్దావిడ మళ్ళీ ఫోన్ చేసింది. వచ్చిన రిపోర్టులు చదివే బృందంలో చేరమని అడిగింది, మంగళవారం సాయంత్రాలు. "ఇంట్లో అడిగి..." అంటూనే ఆమె ఆగిపోయింది. "వస్తాను" అంది.

ఇంట్లో చెప్పింది, అడగలేదు. "మరి వంట?" అన్నారు అత్తగారు. "ఆయన ఉంటారుగా" అంది నవ్వుతూ. అత్తగారు కొడుకు వైపు చూశారు. ఆయన కాసేపు తల గోక్కుని, "ఉప్పెక్కడుంటుంది?" అన్నాడు.

మంగళవారం ఆరింటికి సంఘం ఆఫీసులో పెద్దావిడ ఆమె ముందు ఒక కవరు పెట్టింది. ఏదో ఆడిటోరియం పైకప్పు గురించి ఎవరో చేత్తో నాలుగు పేజీలు రాశారు. ఆమె రెండుసార్లు చదివింది. అడగాల్సినవి పదకొండు ప్రశ్నలు తేలాయి. ఫోన్ అందుకుంది. అవతల "హలో" అన్న ఆడగొంతు భయంతో సన్నగా ఉంది.

"ముందుగా, రాసినందుకు మీకు చాలా థాంక్సమ్మా" అంది ఆమె. "తొందరేమీ లేదు. మొదటినుంచీ చెప్పండి, వింటాను."