నీడను చూసి బెదరని చేపలు

తోర్డిస్ బల్లకట్టు మీది నిచ్చెనపై కొయ్యబొమ్మలా నిలబడింది. కింద ఆకుపచ్చని నీళ్లు. లంగరు వేసిన రెండు బల్లకట్ల మధ్య వల పరిచి ఉంది. పైనున్న మనిషి చెయ్యి కదిపితే చాలు, నీళ్లలో నీడ ఆడి ఎర్ర సాల్మన్ చేపల గుంపంతా చెదిరిపోతుంది. చేపల రాక కనిపెడుతూ నిలబడిన ముప్ఫై ఏళ్లలో ఆమె ముక్కు మీద వాలిన ఈగను కూడా తోలలేదు.

ఈ ఏడు ఎర్రచేప పట్టడానికి అనుమతి ఒక్కరోజే. అది ఇవాళే. సాయంత్రంలోగా పట్టిందే అక్కాతమ్ముళ్ల రెండు కుటుంబాలకూ ఏడాది తిండి.

"అక్కా, చూస్తున్నావా, కునుకు తీస్తున్నావా?" ఎదుటి బల్లకట్టు నుంచి తమ్ముడు ఓర్విన్ గొంతు తగ్గించి అడిగాడు.

"నోరు మూసుకుని వల లాగే మోటారు మీద చెయ్యి పెట్టరా."

నీళ్లలో చేపల నీడలు వచ్చాయి. వంద. మూడు వందలు. కానీ వరస లేదు, తొందర లేదు. సంతలో దారి తప్పినవాళ్లలా ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి.

"లాగు!"

వల పైకి లేచింది. చేపల్ని తొట్టిలోకి దించబోయిన ఓర్విన్ భార్య డెల్లా చటుక్కున ఆగిపోయింది.

"వదినా... ఇవి మన చేపలు కావు."

తోర్డిస్ కిందికి దిగింది. తోకలు కత్తెరతో కోసినట్టు అరిగిపోయాయి. చెంపల మీద నల్లటి చుక్కలు. పొట్టలు ఉబ్బి ఉన్నాయి. సముద్రంలో వల పంజరాలు కట్టి పెంచే చేపలు! జలసంధి అవతల ఏ పంజరమో తెగింది.

ఆమె అంచు దగ్గరికి వెళ్లి వంగింది. నీడ నీళ్ల మీద పడింది. చేపలు చెదరలేదు. నీడ కిందికే వచ్చాయి. చెయ్యెత్తింది. నీళ్లు సలసలా కాగినట్టు వందల నోళ్లు పైకి తెరుచుకున్నాయి.

తోర్డిస్‌ చెయ్యి గబుక్కున దించేసింది.

"ఏమైంది వాటికి?" డెల్లా వెనక్కి జరిగింది.

"మేత అడుగుతున్నాయి. చెయ్యి కనిపిస్తే మేత పడుతుందనుకుంటున్నాయి."

"అడగనీ, వదిలేయ్!" ఓర్విన్ అరిచాడు. "అటు చూడు, ఎర్రచేప ఎగురుతోంది. వీటితో తొట్టి నింపితే దాన్నెక్కడ పెడతాం?"

నిజమే. దూరంగా వెండి మెరుపులు. అసలు గుంపు వస్తోంది.

"వదిలేస్తే ఎక్కడికి పోతాయండీ?" డెల్లా మొగుణ్ణి అడిగింది.

ఓర్విన్ ఒడ్డు మలుపు వైపు చూశాడు. మలుపు తిరిగితే నది. అందులో ఎర్రచేప గుడ్లు పెట్టే గులకరాళ్లు. ఇవి అక్కడ చేరితే ఆ చోటు ఆక్రమించి, ఎర్రచేపకు రోగాలు అంటిస్తాయని ముగ్గురికీ తెలుసు.

తోర్డిస్ పట్టినవాటిని తొట్టిలో పోయించి, వల తిరిగి నీళ్లలోకి దింపించి, మళ్లీ నిచ్చెనెక్కింది. రెండు చేతులూ పైకెత్తి, జీవితంలో మొదటిసారి, పిచ్చిదానిలా ఊపింది.

"అక్కా! ఎర్రచేప బెదిరిపోతుందే! మతి పోయిందా?"

"లాగరా!"

కింద వల మీదికి చేరిన పంజరం చేపల నోళ్లు తెరుచుకున్నాయి. ఓర్విన్ వేలు మోటారు మీటపైనే ఆగింది. మొదటి ఎర్రచేపలు వల ముందుకు వచ్చి, ఆమె నీడను చూసి ఝల్లున వంపు తిరిగాయి. గుంపంతా వాటి వెంటే పక్కకు తప్పుకుని లోతులోకి పోయింది.

"పోయిందక్కా."

"చూశాను. లాగు."

అతను మీట నొక్కాడు.