‘లా’ పలకని కీబోర్డు

ముందుగా వినిపించింది పాట కాదు, పాట ఎముకలు. టక్, టక్‌టక్, టక్. స్వరం లేదు. కీబోర్డు ప్లాస్టిక్ మెట్లు అడుగు చట్రానికి తగిలే పొడి చప్పుడు మాత్రమే ఉంది. బల్ల కింద పడిపోయిన మరమేకు కోసం నేల తడుముతున్న వాద్యాల మరమ్మతుదారు గ్వాక్ తేసిక్ మోకాళ్ల మీదే ఆగి విన్నాడు. ఎవరో కరెంటు లేని కీబోర్డు మీద ఒంటివేలితో వాయిస్తున్నారు. చప్పుళ్లు వరసగా వచ్చాయి. ఒక చప్పుడు రావలసిన చోట రాలేదు. వరస మళ్లీ సాగింది. మొదటికి వచ్చి మళ్లీ వాయించినప్పుడు అదే చోట అదే ఖాళీ. వాయించడం రాని చేయి, తడబడుతోంది, అనుకున్నాడు.

లేచి చూస్తే కింది అంతస్తులో పులుసన్నం అమ్మే ఆమె. రోజూ మధ్యాహ్నం గిన్నెలు పేర్చిన పళ్లెం నెత్తిన పెట్టుకుని, చేయి పట్టకుండా మెట్లెక్కి వచ్చే మనిషి. ఇవాళ నెత్తి మీద ఏమీ లేదు. బల్ల మీద గులాబీ రంగు దుప్పటి విప్పి ఉంది. అందులో ఒక పాత కీబోర్డు ఉంది.

“వెలగటం లేదు బాబాయ్ గారూ” అంది ఆమె. “మోగితే చాలు.”

ఎప్పటికి కావాలని అడిగాడు. వచ్చే గురువారానికి అంది. గురువారమే ఎందుకని అతడు అడగలేదు. అతడికి తెలుసు. మా వాద్యాల బజారులో అందరికీ తెలుసు. ఆమెకు ఉన్న ఒక్కగానొక్క కూతురు పోయి ఆ రోజుకు ఏడాది.

మా దగ్గర బిడ్డ పుట్టిన నాటి నుంచి తల్లిని ఆమె పేరుతో పిలవరు. ఫలానా పిల్ల అమ్మ అంటారు. ఆ పసిదాన్ని వీపున కట్టుకుని కింది అంతస్తులో పొయ్యి వెలిగించిన నాటి నుంచి ఆమెను పై అంతస్తుల వాళ్లందరూ అలాగే పిలిచారు. ఆకలి వేసిన వాడల్లా మెట్ల దగ్గర నిలబడి, ఆ పిల్ల పేరుకు ‘అమ్మా’ తగిలించి, రెండు గిన్నెలు పంపమని కేక వేసేవాడు. రోజుకెన్నిసార్లు ఆ పేరు మెట్లు దిగేదో, ఎక్కేదో. పోయిన చలికాలం ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మెదడుకు ఎక్కింది. చూస్తుండగానే అయిపోయింది. పొయ్యి మళ్లీ వెలిగిన రోజున ఆకలిగా మెట్ల దగ్గరకు వెళ్లిన వాడు నోరు తెరిచి, తెరిచిన నోటితోనే నిలబడిపోయాడు. తల్లిని పిలిస్తే పిల్లను పిలిచినట్టే. ఆమె సొంత పేరేమో ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి డోళ్లు అమ్మే మా పిల్దు ఆమెను ‘ఇదిగో చెల్లెమ్మా’ అంటాడు. అకార్డియన్ కొట్టు ముసలావిడ ఊరికే దగ్గుతుంది. తేసిక్ ‘అమ్మా’ అని ఊరుకుంటాడు. ఇలా చేద్దామని ఎవరూ కూర్చుని అనుకోలేదు. మంచు పడ్డట్టు దానంతట అదే పడింది ఆ మౌనం. అమ్మానాన్నలు పోతే కొండలో పూడుస్తారు, బిడ్డ పోతే గుండెలో పూడుస్తారు అని పెద్దల మాట. పిల్లలకు తద్దినం ఉండదు. పటం ముందు అన్నం పెట్టరు, అగరొత్తి వెలిగించరు. పెద్దల కంటే ముందు వెళ్లిన వాళ్లకు పెద్దలు వంగి మొక్కకూడదు.

తేసిక్ కీబోర్డును బోర్లించి విప్పాడు. తీయకుండా వదిలేసిన బ్యాటరీలు చీమోడి, నీలి తెలుపు పెచ్చు కట్టాయి. గీకి, వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, ఒక తీగ మార్చి కరెంటు ఇస్తే దీపం వెలిగింది. మోగింది. ఆమె అడిగిన పని అక్కడితో అయిపోయింది.

అతడి చేతులు మాత్రం ఆగలేదు. పిల్ల పోయాక కూడా ఏడాదిగా ఆమె వండినదే తింటున్నాడు. ఒక్క పరామర్శ మాట అనలేదు. మాటలు రాని మనిషికి చేతులే నోరు. వాటితో ఏదైనా చెప్పాలి. మా బజారులో అరిగిన వాద్యానికి చేయగల పెద్ద మర్యాద ఒకటుంది. దాన్ని ‘కొత్త ముఖం పెట్టడం’ అంటాం. అది చేయాలనుకున్నాడు.

ఆ కీబోర్డు కిటికీ పక్కన బతికినది. ఎండ తగిలిన వైపు మెట్లు ముసలివాళ్ల పళ్లలా పసుపుబారాయి. నడిమి మెట్లు వేళ్లు రాసుకుని రాసుకుని గరుకు పోయి, నూనె రాసినట్టు నున్నగా మెరుస్తున్నాయి. నల్ల మెట్ల చివర గోటి గీతలు సన్నని వానలా ఉన్నాయి. మధ్య వరసలో ప్రతి తెల్లమెట్టు మీదా చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. రంగు పెన్సిలుతో డో, రే, మీ అని పాశ్చాత్య స్వరాల పేర్లు రాసి ఉన్నాయి. ‘సో’ అక్షరానికి కళ్లూ నవ్వే నోరూ ఉన్నాయి. తేసిక్ వేడిగాలి పట్టి ఆ కాగితాలు ఒక్కొక్కటే ఊడదీశాడు. మిగిలిన బంకను గుడ్డతో తుడిచాడు. మెట్లు ఎత్తితే కింద రబ్బరు పొడి, విరిగిన పెన్సిలు మొన, పొడవాటి వెంట్రుక ఒకటి కనిపించాయి. అలవాటుగా వంగి, ఉఫ్ అని ఊదేశాడు.

మెట్ల అడుగున పరిచే రబ్బరు పట్టీలో ఒక గుండీ నల్లరంగు అరిగి బూడిదగా మారింది. నడిమి వరసలోని ‘లా’ అది. నొక్కితే పలకదు. ఆమె చెప్పడం మరిచి ఉంటుంది అనుకున్నాడు. పట్టీ తీసి పనికిరానివి వేసే డబ్బాలో పడేసి, కొత్తది పరిచాడు. తరువాత జుట్టు రంగు విరిచే క్రీమును తెల్లమెట్లకు పూసి, పలుచని ప్లాస్టిక్ పొరలో చుట్టి, మేడ మీద ఎండలో పళ్లేల్లో వరసగా పేర్చాడు.

సిగరెట్టు పొగ పీల్చి వదులుతూ పిల్దు అక్కడే కూర్చుని ఉన్నాడు.

“ఏంట్రా తేసికూ, వీటికి పెళ్లిచూపులా? మిగిలిన క్రీము నీ మొహానికి రాసుకో. మీ ఆవిడ ఇంకోసారి తిరిగి చూస్తుంది.”

“నీ బట్టతలకైతే డబ్బా మొత్తం పడుతుంది” అన్నాడు తేసిక్.

“ఎవరివిరా ఇవి, ఇంత ముద్దు చేస్తున్నావు?”

“కింది అంతస్తువి.”

పిల్దు నోట్లోంచి పొగ ఆలస్యంగా బయటికి వచ్చింది. సిగరెట్టు నలిపేసి లేచాడు. చలికాలపు ఎండ, పలుచగా, ఒక్కచోట నిలవకుండా ఉంది. “ఎండ అటు జరిగింది, నువ్వూ జరుపు” అని తనే ఒక పళ్లెం పట్టుకుని జరిపాడు. మేఘం వచ్చిన ప్రతిసారీ మళ్లీ జరిపాడు.

మెట్లన్నీ పాలలా తేలాయి. బిగించే ముందు తేసిక్ పాత పనివాళ్ల చివరి ఉపాయం కూడా చేశాడు. ఒకే స్వరపు మెట్లు ఏ వరసలోనివైనా ఒకే అచ్చువి. కనుక నున్నగా అరిగిన నడిమి మెట్లను ఎవరూ ముట్టని చివరలకు మార్చి, చివర ఉన్న గరుకు మెట్లను నడిమికి తెచ్చాడు. ఇప్పుడు ఆ కీబోర్డును ఏ వేలూ ఎన్నడూ తాకినట్టు లేదు.

గురువారం ఆమె మధ్యాహ్నపు రద్దీకి ముందే వచ్చింది. ఏప్రన్ విప్పి, నల్ల స్వెట్టరు వేసుకుంది. పిల్దు డోలు కర్రలు అరువు అడిగే వంకతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డోళ్లు అమ్మేవాడికి కర్రలు అరువెందుకని ఎవరూ అడగలేదు. తేసిక్ గుడ్డ తీశాడు.

ఆమె చాలాసేపు చూసింది. ఎంత కష్టపడ్డారో అంది. రెండు చేతులూ ముందు చేర్చుకుని, కృతజ్ఞతగా నడుము వంచింది. తరువాత బొటనవేలితో నడిమి మెట్ల మీద దేనికోసమో తడిమింది. దొరకలేదు. వేలు ఒకచోట ఆనించి వాయించసాగింది.

బడిలో నేర్పే చిన్న పాట. నాలుగు స్వరాలు నడిచాయి. అయిదోది వచ్చింది. నడిమి ‘లా’ తేటగా, నిండుగా మోగింది. వేడి మూత తగిలినట్టు ఆమె చేయి వెనక్కి తీసుకుంది. మొదటి నుంచి మళ్లీ వాయించింది. ఈసారి అక్కడ వేలు ఊరికే ఆనించి చూసింది. మళ్లీ మోగింది.

“ఇది మాది కాదు బాబాయ్ గారూ.”

మీదేనని తేసిక్ నచ్చచెప్పబోయాడు. వెనకనున్న నంబరు చూపించాడు.

“మాది ఇక్కడ పలకదు.”

“అదే బాగు చేశానమ్మా. రబ్బరు అరిగింది. నువ్వు అడక్కపోయినా చేశాను.”

ఆమె మెట్ల వైపే చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“ఈ మెట్టు పలకదని పిల్లకి తెలుసు. ఇక్కడికి రాగానే తనే పాడేది. బాగు చేయిద్దామే అంటే, వద్దమ్మా, ఇది నా వంతు అనేది. నేను వంటింట్లో ఉల్లికాడలు తరుగుతుండేదాన్ని. ఆ ఒక్క స్వరం గోడ దాటి వచ్చేదాకా కత్తి ఆపేదాన్ని. ఇవాళ దానికి అన్నం పెట్టకూడదు కదా. ఇదన్నా వాయిద్దామనుకున్నా. అక్కడ ఖాళీ ఉంటే, అది ఉన్నట్టు ఉంటుందని.”

గుమ్మంలో పిల్దు తల దించుకున్నాడు.

తేసిక్‌కు ఆ పొడి చప్పుడు గుర్తుకు వచ్చింది. టక్, టక్‌టక్, టక్, ఆపైన ఒక ఖాళీ. అది తడబాటు కాదు. ఏ మెట్టూ పలకని కీబోర్డు మీద కూడా ఆమె ఆ ఒక్క చోటు కూతురికి వదిలి పెట్టింది. బల్ల కింద ఉండి అతడు దాన్ని చెవులారా విన్నాడు. ఏమ్మా, అక్కడ ఎందుకు ఆగావు అని అప్పుడే అడగవచ్చు. అడిగితే పిల్ల మాట వస్తుంది. పిల్ల మాట రాకూడదని అడగలేదు.

ఒక్క నిమిషం కూర్చోమని, పనికిరానివి వేసే డబ్బా తెచ్చి వార్తాపత్రిక మీద కుమ్మరించాడు. పాములు పెనవేసుకున్నట్టు పాత పట్టీలు. పిల్దు వచ్చి ఎదురుగా చతికిలబడి ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి ఇవ్వసాగాడు. ఒక్క గుండీ మాత్రమే బూడిదగా ఉన్నది అట్టడుగున దొరికింది.

“కాగితాలు?” అని అడిగింది ఆమె.

“చెత్తలో వేశాను. బండి వచ్చి తీసుకెళ్లింది.”

“నున్నగా ఉండేవి, ఆ మెట్లు?”

“ఇందులోనే ఉన్నాయి. చివరలకు మార్చాను. ఏది ఎక్కడిదో, తెల్లబడ్డాక నాకూ తెలియడం లేదమ్మా.”

ఆమె అటు చివర, ఎవరూ వాయించని సన్నని స్వరాల మీద చేయి వేసి నిమిరింది. ఆ నునుపు ఆమెకు దొరికినట్టే ఉంది, వేళ్లు అక్కడే నిలిచాయి. ఇక వదిలేయండి బాబాయ్ గారూ అంది. ఉన్నంతలో ఉండనివ్వండి అంది.

అతడు కొత్త పట్టీ పీకి పాతది పరిచాడు. పాడుచేయడానికి అంత జాగ్రత్తగా అతడు ఎన్నడూ మరలు బిగించలేదు. కరెంటు ఇచ్చి పక్కకు జరిగాడు.

ఆమె వాయించింది. నాలుగు స్వరాలు నడిచి వచ్చి అంచున ఆగాయి. అయిదోది పలకలేదు. ఆ చోటు తెరిచి ఉంచిన తలుపులా ఉంది. కింది అంతస్తు నుంచి గిన్నెల చప్పుడు, భోజనం ఎప్పుడని ఎవరో ఎవరినో అడుగుతున్న మాటలు వినిపించాయి. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే ఖాళీ. ఆమె తల కాస్త పక్కకు వంచి, కత్తి ఆపిన మనిషిలా, గోడ అవతలి దాని కోసం విన్నది. ఏమీ రాలేదు. రాదని ముగ్గురికీ తెలుసు. అయినా ముగ్గురూ విన్నారు.

మూడోసారి ఆ చోటికి వచ్చాక ఆమె వేలు పలకని మెట్టును లోపలికంటా నొక్కి, అలాగే పట్టుకుంది. పాడుతుందేమో అనుకున్నారు. పాడలేదు. ఏడాదిగా ఆ బజారు మెట్ల మీద ఎవరి నోటా పలకని ఆ పేరు పెట్టి, అన్నానికి పిలిచినంత మామూలుగా, పైకి పిలిచింది.

“బోమీ.”