ఎడమ పక్క విమానం

ఇది చాలా చిన్న కథ. ఒక ఆదివారం సాయంత్రం లేచిన విమానం మళ్లీ దిగలేదు, అంతే. కానీ నాగక్క మిరపకాయల సంగతి ముందు చెప్పకపోతే ఆమె ఊరుకోదు.

సారపాక దాటాక అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. ఆ ఊళ్లో నాగక్క మిరపకాయలు వెంకటప్పయ్య వాకిలి పక్కనే ఆరబోసేది. తన వాకిట్లో ఎండ లేదనేది. ఎండకేం, బోలెడు ఉంది. లేనిది మనుషుల మాటలే. వెంకటప్పయ్య ఇంటికి ఆదివారం ఆదివారం జనం వచ్చేవాళ్లు. విమానాల గాలికి కాయలన్నీ లేచి కాలవలో పడుతున్నాయని ఆమె ప్రతి వారం తగువు పెట్టుకునేది. కుప్పను మాత్రం జానెడు కూడా జరిపేది కాదు.

వెంకటప్పయ్య ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు బాగుచేసే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తర్వాత ఈ ఊరొచ్చి, కొన్నాళ్లు సారపాక కాగితం మిల్లులో పనిచేసి, ఆ పనీ అయిపోయాక, పెళ్లీ పిల్లలూ లేనివాడు కాబట్టి ఎటు పోవాలో తోచక అదే కిరాయి ఇంట్లో ఉండిపోయాడు. ఆయన ఆస్తల్లా ఒక పాత ప్రొజెక్టరు, ఒక ఫిల్మ్ రీలు. ఎప్పటిదో ఎయిర్ షో. నలుపూ తెలుపూ. గోడకు కట్టిన దుప్పటి మీద మూడు హంటర్ యుద్ధవిమానాలు వరుసగా వచ్చేవి, దుప్పటి అంచు దాకా వచ్చి బయటికి దూకేవి. దుప్పటి మీద ఎంత ఉండేవో బయటా అంతే, కొంగంత. వాకిలి మీద ఒక చుట్టు, వెనక జొన్నచేను మీద ఒక చుట్టు తిరిగి, రీలు అయ్యేలోపు మళ్లీ దుప్పట్లో దూరేవి. చప్పుడుకు పిల్లలు నిద్ర లేస్తున్నారని తప్ప ఊళ్లో ఎవరికీ వేరే అభ్యంతరం లేదు.

"జెట్టు విమానం తాగేది కిరసనాయిలే," అని ఆయన ఒకసారి అందరికీ వివరించాడు.

"అదీ సంగతి! రేషన్ల నాకు చుక్క దొరకంది అందుకే," అంది సైదమ్మ. విమానాల గురించి ఆ ఊరు నేర్చుకున్నది ఆ ఒక్క ముక్కే.

ఆయనకు అసలు జోడీ భద్రయ్య, వెనక జొన్నచేను ఆసామి. వయసులో ఉన్నప్పుడు అడవిదున్న కొమ్ములు నెత్తిన కట్టుకుని ఆడే కోయ ఆటగాళ్లతో ఢిల్లీ పోయాడు, జనవరి ఇరవైయారు ఊరేగింపుకు. ఆడుతుండగా పైన విమానాలు పోయాయి. తలెత్తి చూశాడు. కొమ్ములు ఊడి రోడ్డు మీద పడ్డాయి. ఈ కథ చెప్పినప్పుడల్లా విమానాలు రెండేసి పెరిగేవి.

రీలు అయ్యాక వాకిట్లో చెరో రాయి మీద కూర్చునేవాళ్లు. ఎయిర్ షో రోజున సుడిగాలికి పెద్ద ఆఫీసరు టోపీ ఎగిరిపోయిన ముచ్చట ఈయన చెప్పేవాడు. "ఫిట్టరన్నవాడు తను పంపిన విమానం దిగేదాకా అక్కణ్నుంచి కదలడు భద్రయ్యా. అన్నం చల్లారినా సరే," అనేవాడు. "అవ్ సారూ," అనేవాడు భద్రయ్య, మొదటిసారి విన్నట్టు.

తర్వాత షావుకారు హీరాలాల్ తన దుకాణంలో టీవీ పెట్టాడు. ఆదివారం సాయంత్రం సినిమా. జనం అటు మళ్లారు. నాగక్క కూడా మిరపకాయలు ఎత్తుకుని హీరాలాల్ అరుగు ముందుకు మారింది, అక్కడ ఎండ బాగుందట. ఇక మిగిలింది భద్రయ్య ఒక్కడు.

ఆ ఏడు చిలకలు జొన్నకంకుల మీద దండుగా పడ్డాయి. భద్రయ్య మంచె దిగలేక, అక్కణ్నుంచే విమానాలు చూస్తున్నాడు. ఎడమ పక్క విమానం చేను మీదికి కిందుగా వచ్చింది. భద్రయ్య చేతిలో రాయి పెట్టిన ఒడిసెల అప్పటికే తిరుగుతోంది. రాయి పోయింది. విమానం కంకుల్లో పడింది.

వెంకటప్పయ్య పరుగున వచ్చి దాన్ని తువ్వాల్లోకి ఎత్తుకున్నాడు. రెక్క విరిగింది.

"చిలకనుకున్న సారూ. చెయ్యి ఆగలే."

"చిలక గిట్ల ఉంటదా? కొమ్ములు రోడ్డు మీద పారేసుకున్నోడివి, నీకు విమానం విలువ ఏం తెలుస్తది!"

భద్రయ్య ఒడిసెల చుట్టి నడుములో దోపుకున్నాడు. ఆ తర్వాత ఆదివారాలు రాలేదు.

రీల్లో రెండే మిగిలాయి. ఎడమ పక్క ఖాళీ ఆకాశం. వెంకటప్పయ్య ఆదివారం అలవాటుగా రెండు గ్లాసుల టీ పెట్టి, రెండూ తనే తాగేవాడు. ఎదుటి రాయి మీద నాచు పట్టింది.

ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి మేనల్లుడు వెంకటనారాయణ వచ్చాడు. "మామయ్యా, మేడ మీద గది ఖాళీగ ఉంది, వచ్చెయ్యి. ఈ అడవిల ఎవరున్నరు నీకు?"

వెంకటప్పయ్య ఎదుటి రాయి వైపు చూశాడు. చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు. "సోమవారం రా. తయారుగ ఉంటా," అన్నాడు.

మర్నాడు గడప మీద వెదురు బద్దలు కనిపించాయి. కాగితమంత పల్చగా చీల్చినవి. అట్లా చీల్చే కత్తి ఊళ్లో ఒకరికే ఉంది. వెంకటప్పయ్య వాటితో రెక్క కట్టడం మొదలుపెట్టాడు.

ఆఖరి ఆదివారం భద్రయ్య తనంతట వచ్చి, నాచు తుడుచుకుని తన రాయి మీద కూర్చున్నాడు.

"రెక్క ఆగుద్దా సారూ?"

"ఎగిరితే తెలుస్తది."

"పోతున్నవంట."

"అవ్. రేపు."

వెంకటప్పయ్య ఇంకు ఫిల్లరుతో విమానంలో కిరసనాయిలు పోసి, గోడ మీద నిలబెట్టి, ప్రొజెక్టరు తిప్పాడు. దుప్పట్లోంచి రెండు దూకగానే మూడోది లేచి ఎడమ పక్కన కలిసింది. మూడూ చేను మీదికి మళ్లాయి.

"చిలకలొచ్చినై," అని భద్రయ్య లేచి చేనులోకి పోయాడు. చీకటి పడే వేళ చిలకలేమిటని వెంకటప్పయ్య అడగలేదు. రెండు విమానాలు తిరిగొచ్చాయి. రీలు అయిపోయింది.

సోమవారం మేనల్లుడు జీపు మాట్లాడుకుని వచ్చేసరికి రేకు పెట్టె సర్ది ఉంది, దుప్పటి మాత్రం గోడకే ఉంది.

"ఇంకా తీయలేదేంది మామయ్యా?"

"ఒకటి దిగలే."

"ఎప్పుడు దిగుద్ది?"

"నాకేం తెలుసు? పైలట్‌ను అడగాలె. అది దిగేదాకా నేను కదలొద్దు."

మేనల్లుడు మధ్యాహ్నం దాకా ఆకాశం చూశాడు. జీపు కిరాయి గుర్తొచ్చి వెళ్లిపోయాడు. వెంకటప్పయ్య పెట్టె విప్పి బట్టలు మళ్లీ దండెం మీద వేశాడు.

ఆ విమానం భద్రయ్య ఇంట్లో కోళ్ల గంప కింద ఉంది. కోళ్లు వేపచెట్టెక్కి పడుకుంటున్నాయి. సాయంత్రమైతే గంప ఊగుతుంది. భద్రయ్య దాని మీద ఒక రాయి పెట్టాడు. ఊరందరికీ తెలుసు. ఎవరూ వెంకటప్పయ్యకు చెప్పలేదు. నాగక్క కూడా చెప్పలేదు. ఆ ఊళ్లో జరిగిన వింత ఏదైనా ఉందంటే అదే.

వెంకటప్పయ్య ఇప్పటికీ ఆదివారం రీలు వేస్తాడు, భద్రయ్య వస్తాడు, ఢిల్లీ విమానాలు రెండేసి పెరుగుతాయి. భద్రయ్య లేచి వెళ్లేటప్పుడు వెంకటప్పయ్య అతని చేతిలో ఒక చిన్న సీసాడు కిరసనాయిలు పెడతాడు.

"దీపానికి," అంటాడు.

సీసాతో పాటు ఇంకు ఫిల్లరు కూడా ఇస్తాడు.