నట్టు మీద పసుపు గీత

మా గ్యారేజీలో ఒక పద్ధతి ఉండేది. ఒకరు నట్టు బిగించాలి, ఇంకొకరు దాని మీద గీత గీయాలి. బిగువు కొలిచే పానా ‘టక్’మన్నాకే గీత. అది సగం నట్టు మీద, సగం పక్కనున్న ఇనుము మీద పడాలి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. బిగించడం మా అన్న లైల్ పని, గీయడం నా పని. దానికి వాడేది పసుపు గోళ్ళరంగు. నా పదమూడో పుట్టినరోజుకి అత్త కొనిచ్చింది. గోళ్ళకు వేసుకుంటే నాన్న ఊరుకోడు కాబట్టి రెండేళ్ళుగా ఆ సీసా కారుకే ఖర్చవుతోంది.

ఆ కారును నాన్న, లైల్ కలిసి నాలుగు చలికాలాలు కష్టపడి తయారుచేశారు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. గొట్టాలు అతికిన చట్రం, తుక్కు కారులోంచి తీసిన ఇంజను, అల్యూమినియం రేకులు, ముందు ఎర్రటి ఫైబరు ముక్కు. మొత్తం కలిపినా అయిదు వందల కిలోలు దాటదు. నాన్న వెనక భాగాన్ని ఒక్కడే ఎత్తి పక్కకు జరిపేవాడు. అవే చేతులతో లైల్‌ను కూడా ఎత్తి గోడకు కొట్టేవాడు.

గ్యారేజీలో అరుపులు మొదలవగానే వంటింట్లో అమ్మ రేడియో గట్టిగా పెట్టేది. రేడియో ఎంత గట్టిగా మోగితే లైల్‌కు అంత గట్టిగా దెబ్బలు పడుతున్నట్టు.

ఏప్రిల్ నెలలో ఒక శనివారం పొద్దున అది. మర్నాడు పక్క జిల్లాలో కొండ ఎక్కే కార్ల పందెం. చలికాలమంతా విప్పి శుభ్రం చేసిన కారును లైల్ తిరిగి బిగిస్తున్నాడు. అతని పై పెదవి ఇంకా వాచే ఉంది. గురువారం సీటు కింద గీత లేని నట్టు ఒకటి నాన్న కంట పడింది. పానా తీసి మొహం మీదికి విసిరాడు. రెండు కుట్లు పడ్డాయి. మెట్ల మీంచి జారానని డాక్టరుకు లైలే చెప్పాడు.

“ఇదే ఆఖరి మూల, ఎలుకా,” అన్నాడు లైల్, ముందు ఎడమ చక్రం దగ్గర బోర్లా పడుకుని. నేను బడిలో హాజరు కూడా గట్టిగా పలకలేను కాబట్టి నన్నలా పిలుస్తాడు. “దీని తర్వాత టీ. నాకు మూడు చెంచాల చక్కెర. నెత్తురు పోయింది కదా, రోగికి మర్యాద చెయ్యాలి.”

“నీకు పోయింది నెత్తురా, బుర్రా?” అన్నాను.

నవ్వబోయి పెదవి పట్టుకున్నాడు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఇనుప చేతికి బోల్టు దూర్చి, నట్టు వేళ్ళతో రెండు చుట్లు తిప్పి, బిగువు పానా కోసం అవతలి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

అప్పుడే కంకర మీద నాన్న బూట్లు వినిపించాయి.

ఆ మూలలో గీత లేనిది ఆ ఒక్క నట్టే. గురువారం నాటి నెత్తురు గచ్చు మీద ఇంకా నల్లగా ఉంది. నేను ఆలోచించలేదు. సీసా తెరిచి, దాని మీద గీత గీసేశాను. నాన్న చూసి వెళ్ళిపోతాడు, ఆ తర్వాత లైల్ బిగిస్తాడు అనుకున్నాను.

నాన్న వెళ్ళలేదు. టార్చి పట్టుకుని ఒక్కో నట్టూ చూశాడు. “పర్లేదు. ఈసారి కళ్ళు తెరిచి పని చేశావు,” అన్నాడు. లైల్ పానాతో వచ్చి ఆ గీత చూశాడు. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత పానా కింద పెట్టేశాడు. నేను గీత గీశానంటే తను బిగించే ఉంటాననుకున్నాడు. నా గీతను అతను ఎప్పుడూ అనుమానించలేదు.

నాన్న చక్రం తొడిగి, జాకీ దించి, ఇంజను వేడెక్కడానికి వదిలాడు. చెప్తే లైల్‌కు దెబ్బలు. చెప్పకపోతే ఆ కారు ఇప్పుడే పరీక్షకని కాలవ దారిలోకి వెళ్తుంది. ఆ దారి కొలబద్దలా తిన్నగా, అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు పక్కలా మనిషి లోతు నీళ్ళు. నాన్న అక్కడ వంద మైళ్ళ వేగానికి తక్కువ నడపడు.

“ఏంట్రా ఇది?” నాన్న కారు ఎర్ర ముక్కు మీద వంగి ఉన్నాడు. గోరంత గీటు. “పానా పెట్టావు కదా దీని మీద?”

“లేదు నాన్నా. గుడ్డ పరిచే...”

లైల్ జుట్టు పట్టుకుని సీట్ల వెనకనున్న ఇనుప కమ్మీకేసి మొహాన్ని కొట్టాడు. రెండుసార్లు. అతని ముక్కు పగిలిన చప్పుడు ఇంజను మోతలో కూడా వినిపించింది. వంటింట్లో రేడియో గట్టిదయింది.

“ఎక్కు. నువ్వు బిగించిన బండిలో ముందు నువ్వే కూర్చోవాలి. ఎక్కరా!”

లైల్ నెత్తురు చొక్కాతో తుడుచుకుంటూ ఎడమ సీట్లో కూర్చున్నాడు. సరిగ్గా ఆ చక్రం వెనక. నాన్న పక్కన స్టీరింగు ముందు కూర్చున్నాడు.

“నాన్నా,” అన్నాను. “ఆ నట్టు...”

“గీత ఉంది. నేను చూశా.”

“గీత నేనే ముందు...”

“ఏం కిచకిచలే అవి? పక్కకు జరుగు!” అంటూ గేరు వేశాడు.

బల్ల మీద పెద్ద సుత్తి ఉంది. రెండు చేతులా ఎత్తి కారు ముక్కు మీద కొట్టాను. ఫైబరు పెంకులా పగిలింది. ఇంకోటి. మూడో దెబ్బ లోపలి రేడియేటరుకు తగిలింది. మరుగుతున్న నీళ్ళు బుస్సున చిమ్మి నా మణికట్టు మీద పడ్డాయి. మంటకు సుత్తి జారిపోయింది.

నాన్న ఇంజను ఆపి సీట్లోంచి ఒక్క గెంతు గెంతాడు. మొదటి దెబ్బకు నా తల బల్ల అంచుకు కొట్టుకుంది. నోట్లో పన్ను ఊడి నాలుక మీద పడింది. “నాలుగేళ్ళు!” అంటూ తన్నాడు. “నాలుగేళ్ళే దెయ్యమా!” పక్కటెముకల్లో తన్నాడు. లైల్ వెనక నుంచి నాన్న మెడ చుట్టూ చెయ్యి బిగించాడు. ఇద్దరూ డబ్బాల మీద పడ్డారు. లైల్ కొరికాడు, నాన్న గుద్దాడు, ఏ నెత్తురు ఎవరిదో తెలియలేదు.

నేను చక్రం దాకా పాక్కుంటూ వెళ్ళాను. కాలిన చేతిని దాని వెనకకు పోనిచ్చి నట్టు పట్టుకున్నాను. రెండు వేళ్ళతో తిప్పితే గీత విరిగింది. ఇంకా తిప్పాను. ఊడి నా అరచేతిలోకి వచ్చింది.

“ఇదిగో!” అని అరిచాను. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. “వేళ్ళతో ఊడింది. చూడండి!”

ఇద్దరూ ఆగిపోయారు. నాన్న వచ్చి నట్టు తీసుకున్నాడు. దాని మీద సగం గీత పసుపుగా మెరుస్తోంది.

“ఎవరు గీశారు?”

“నేనే. బిగించకముందే గీశాను. నీ బూట్ల చప్పుడు విని.”

రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. ఆ గొంతు మధ్యలో ఆగిపోయింది.

నాన్న గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. నట్టు ఎక్కించి, బిగువు పానా పెట్టి లాగాడు. ‘టక్’. తల ఎత్తకుండానే, ఏమీ జరగనట్టు, నాతో అన్నాడు.

“బిగిసింది. గీత గియ్యి.”

సీసా నా జేబులోనే ఉంది.

“గియ్యను.”

“ఏమన్నావ్?”

“గియ్యనన్నాను.”

పానా పట్టుకుని లేచాడు. లైల్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అది కింద పెట్టు, డెస్,” అంది అమ్మ నాన్నతో.

గుమ్మంలో, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఉంది. ఒక చేతిలో వ్యాను తాళాలు, ఇంకో చేతిలో మాంసం కోసే కత్తి. కత్తి తన చేతిలో ఉందని ఆమెకు గుర్తుందో లేదో. “లైల్, చెల్లిని బండెక్కించు.”

“ఎక్కడికే?” అన్నాడు నాన్న. “రేపు పందెం ఉంది.”

“పందేనికి పరుగెత్తుకుంటూ వెళ్ళు,” అంది అమ్మ.

వ్యాను కదిలేటప్పుడు వెనక్కి చూశాను. నాన్న మళ్ళీ చక్రం పక్కన కూర్చుని, గీత లేని ఆ నట్టు మీద బొటనవేలు రాస్తున్నాడు. లైల్ చొక్కా మూతికి అదుముకుని ఉన్నాడు. నేను పన్ను గుప్పిట్లో పట్టుకున్నాను.

మలుపు తిరగగానే వ్యానులో రేడియో దానంతటదే గరగరమంటూ మొదలైంది. అమ్మ చెయ్యి చాచి ఆపేసింది.