స్వాగతంలో వ వత్తు

నైనిక గోడకి గుచ్చిన కాగితం ముందు ప్రొఫెసర్ వీలర్ ఆగగానే క్లాసంతా కుర్చీలు దగ్గరికి లాక్కుంది. డెట్రాయిట్‌లోని ఆ డిజైన్ కాలేజీలో మూడో సంవత్సరం విద్యార్థులకి వీలర్ అంటే భయమూ ఉంది, భక్తీ ఉంది. జీవితమంతా అక్షరాలతోనే గడిపిన మనిషి. ఒక కామా వెంట్రుకవాసి పక్కకి జరిగినా గుమ్మంలోంచే కనిపెట్టేస్తుంది.

ఆ వారం పని అందరికీ ఒకటే. ఏదైనా పుస్తకంలోంచి ఒక పేజీ తీసుకుని కొత్తగా కూర్చాలి. అక్షరం సైజు, అంచులు, వరుసల మధ్య ఖాళీ వీలర్ ముందే నిర్ణయించి ఇచ్చింది. భాష మాత్రం ఎవరిష్టం వాళ్లది అంది. అందరూ ఇంగ్లీషులో కూర్చారు. నైనిక తెలుగులో కూర్చింది. పైగా వరుసల మధ్య ఖాళీ పెంచేసింది.

“నేనిచ్చిన కొలత ఇది కాదే,” అంది వీలర్.

“ఆ కొలతలో పై వరుస వత్తులు దిగి కింది వరుస తలకట్ల మీద పడుతున్నాయి.”

“అయితే ఆ వేలాడేవాటిని చిన్నవి చెయ్యి. లేదా తీసెయ్యి. అలంకారమే కదా?”

నైనిక మార్కర్ అందుకుని బోర్డు మీద రెండు మాటలు రాసింది. గుడి. గుడ్డి.

“ఇది దేవుడుండే చోటు. ఇది కళ్లు కనపడకపోవడం. మధ్యలో తేడా ఆ వేలాడే ముక్క ఒక్కటే. దాన్ని తీసెయ్యమంటారా?”

వెనక ఎవరో నవ్వారు. వీలర్ నవ్వలేదు. “తెలుసుకోదగ్గ విషయమే. కానీ నియమం లోపల పనిచెయ్యడం నేర్చుకోవడమే ఈ క్లాసు.”

“మీ నియమం మీ అక్షరాల ఒంటికి కుట్టిన చొక్కా. మావాటికి అది పట్టదు.”

అనేశాక గానీ నైనికకి తెలియలేదు, గొంతు అంత పెద్దగా వచ్చిందని. ఆ పేజీకి సి గ్రేడు వచ్చింది. మార్చి తెస్తే మళ్లీ చూస్తానంది వీలర్. నైనిక మార్చలేదు.

అలాగని ఆమె పెద్ద తెలుగు పండితురాలేం కాదు. డెట్రాయిట్ పక్కనున్న నోవైలో పుట్టింది. చిన్నప్పుడు ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్తే కారు దిగనని ఏడ్చేది. ఇప్పటికీ ఒక వాక్యం చదవాలంటే వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుంటుంది. కాకపోతే రెండో సంవత్సరంలో ఒకసారి బ్రష్‌తో ఇంగ్లీషు అక్షరాలు రాసి రాసి విసుగెత్తి, ఊరికే ‘అ’ రాసి చూసింది. చెయ్యి ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు నిలబడతాయి, ఇవి తిరుగుతాయి అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె స్కెచ్ పుస్తకాల్లో వేరే ఏదీ లేదు.

ఏప్రిల్‌లో కాలేజీ వార్షిక ప్రదర్శన. దాని బాధ్యత వీలర్‌దే. నైనిక తెలుగు పేజీని గ్రేడుతో సంబంధం లేకుండా జ్యూరీ ప్రదర్శనకి ఎంపిక చేసింది. ఆ సంతోషంలో మంగళవారం కాలేజీకి వచ్చిన నైనిక, హాలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

ఎదురుగా తెల్లగోడ నిండా స్టిక్కర్ అక్షరాలు. విద్యార్థులు ఇళ్లల్లో మాట్లాడే భాషలన్నిటిలో ‘స్వాగతం’ అని అతికించారు. అరబిక్, స్పానిష్, కొరియన్, బెంగాలీ. కింద కుడివైపు మనిషంత ఎత్తున తెలుగు. అది తెలుగో కాదో పోల్చుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. వ వత్తు ఊడి పక్కన పడింది. దీర్ఘం ఒక చుక్కల సున్నా మీద ఒంటరిగా నిలబడింది. ఎవరో ఇంటర్నెట్‌లోంచి తీసి, తెలుగు తెలియని సాఫ్ట్‌వేర్‌లో పడేసి, బయటికి ఏం వచ్చిందో చూడకుండా స్టిక్కర్ కోయించేశారు.

వీలర్ గోడకి ఆనించిన నిచ్చెన పక్కనే ఉంది. నైనిక ఆ తప్పు చూపించింది. వీలర్ కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

“అయ్యో. కానీ శుక్రవారమే ప్రారంభం. మళ్లీ చేయించే టైమ్ లేదు.”

“నేను చేస్తాను. ఒక్క మధ్యాహ్నం ఇస్తే చాలు.”

“ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు. వదిలెయ్, నైనికా. ఎవరూ గమనించరు.”

“నేను గమనించాను. అంటే నేను లెక్కలోకి రానా?”

వీలర్‌కి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ అవతలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నైనిక ఫోన్‌లో ఫోటో చూపించింది. తండ్రి భాస్కర్ కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వీసా మీద గడిపిన ఏళ్లలో ఆయనకొక అలవాటు పడిపోయింది, ఎక్కడా గొంతు పెంచకుండా పని చేసుకుపోవడం. పౌరసత్వం వచ్చినా ఆ అలవాటు పోలేదు.

“అయ్యయ్యో, ఘోరంగా ఉందే,” అన్నాడు చూసి. వెంటనే ఫోన్ తిరిగిచ్చేశాడు. “పోన్లే నైనూ. అక్కడ తెలుగు చదివేవాళ్లెవరు? ఫైనల్ ఇయర్ ముందు ఆవిడతో గొడవెందుకు, రేపు ఉద్యోగానికి రెకమెండేషన్ లెటర్ ఆవిడే ఇవ్వాలి కదా.”

“నువ్వు చదువుతావు కదా నాన్నా. ఫ్రైడే వస్తున్నావు కదా.”

“నేనేం అనుకోను.”

“అదే ప్రాబ్లం! నువ్వు ఎప్పుడూ ఏమీ అనుకోవు!”

భాస్కర్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తల్లి జయంతి ఫోన్ తన వైపు తిప్పుకుంది. ఆమె భిలాయిలో పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోదు. పెళ్లి కార్డులు వస్తే కళ్లజోడు కనపడట్లేదంటుంది.

“ఇందులో ఏది విరిగిందో చూపించు,” అంది.

నైనిక పేపర్ న్యాప్‌కిన్ మీద సరైనది రాసి చూపించింది. జయంతి రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“నేను ఫ్రైడే వచ్చి, ఆ గోడ మీదున్నదే తెలుగు అనుకుని ఫోటో దిగి మా వదినకి పంపేదాన్ని,” అంది. “ఏవండీ, చదవడం వచ్చినవాళ్లు మీరు పోన్లే అంటారు. రానిదాన్ని, నా గతేంటి?”

భాస్కర్ ఆ న్యాప్‌కిన్ తన వైపు లాక్కుని చూశాడు.

బుధవారం నైనిక వీలర్‌కి మెయిల్ పెట్టింది, గోడ నేనే సరిచేస్తాను అని. ఒక్క లైను జవాబు వచ్చింది. దయచేసి గోడ జోలికి వెళ్లొద్దు.

గురువారం మధ్యాహ్నం ఆమె హెయిర్ డ్రయ్యరూ, గీకుడు బిళ్లా, నల్లరంగు డబ్బా, వెడల్పు బ్రష్ తీసుకుని హాల్లోకి నడిచింది. దాచుకోలేదు. లైట్లు సర్దుతున్న విద్యార్థులు చూస్తుండగానే డ్రయ్యర్ పెట్టి స్టిక్కర్ వేడి చేసి, అంచు పట్టుకుని లాగింది. చుక్కల సున్నా ముందు ఊడింది. దాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలోకి విసిరింది. గోడ ఖాళీ అయ్యాక పెన్సిల్‌తో పలచగా గీతలు గీసుకుని, ఊపిరి బిగబట్టి ‘స’ మొదలుపెట్టింది.

అది పూర్తయ్యేలోపే వీలర్ వచ్చింది.

“ఏం చేస్తున్నావు?”

“సరిచేస్తున్నాను.”

“వద్దని రాశాను.”

“చదివాను.”

“బ్రష్ కింద పెట్టు. ఇప్పుడే.”

నైనికకి కింద పెట్టాలనిపించింది. వీలర్ క్లాసుకి వచ్చేదాకా ఏ టీచర్ మాటకీ ఎదురు చెప్పని పిల్ల. అయితే గోడ మీద స ఒక్కటే ఉంది, వత్తు లేకుండా. అలా వదిలేస్తే అది మళ్లీ విరిగిన మాటే. ఆమె బ్రష్ రంగులో ముంచి, వ వత్తుని స కిందుగా ఒక్క ఊపులో తిప్పింది.

“నీ పేజీని ప్రదర్శన నుంచి తీసెయ్యాల్సి వస్తుంది,” అంది వీలర్. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది.

“తీసెయ్యండి.”

“నిజంగానే అంటున్నాను.”

“నేనూ నిజంగానే అంటున్నాను, ప్రొఫెసర్. అడ్డు తప్పుకుంటారా, దీర్ఘం పెట్టాలి.”

వీలర్ కదల్లేదు. కాసేపటికి కదిలింది. నైనిక దీర్ఘం పెట్టింది. తర్వాత గ, త, చివర సున్నా.

శుక్రవారం సాయంత్రానికి ఆమె పేజీ ఉండాల్సిన చోట ఫ్రేమ్ ఉన్న గుర్తు, కింద ఆమె పేరున్న చీటీ మిగిలాయి. చీటీ పీకడం ఎవరో మర్చిపోయారు. పేజీని లోపలి గదిలో బల్ల మీద పెట్టారు. నైనిక వెళ్లి దాన్ని తెచ్చుకుంది. గోడకి తగిలించొద్దన్నారు కదా, పట్టుకుని నిలబడొద్దని ఎవరూ అనలేదు. రెండు చేతులతో గుండెల ముందు పట్టుకుని, తన పేరు పక్కనే నిలబడింది. జనం వస్తున్నారు. కొందరు చూడనట్టు దాటిపోయారు. కొందరు ఆగి, ఇదేం భాష అని అడిగారు. అడిగిన ప్రతివాళ్లకీ వత్తు అంటే ఏమిటో చెప్పింది. భుజాలు లాగేస్తున్నా చేతులు దించలేదు.

జయంతి వచ్చి ఏమీ అడక్కుండా ఒక అంచు అందుకుంది.

“నాన్నేడి?” అంది నైనిక.

జయంతి గడ్డంతో చూపించింది. గుమ్మం దగ్గర గోడని చూస్తూ నిలబడ్డ భాస్కర్, చొక్కా సర్దుకుని తిన్నగా వీలర్ వైపు నడుస్తున్నాడు. ఆ నడక నైనికకి తెలుసు. స్కూల్లో టీచర్ల దగ్గరికి, ఆఫీసు వాళ్ల దగ్గరికి, పక్కింటివాళ్ల దగ్గరికి ముందే క్షమాపణ మోసుకుపోయే నడక.

“నాన్నా!” హాలంతా వినపడేలా అరిచింది, తెలుగులో. “నువ్వు సారీ చెప్తే నేను ఇంటికి రాను!”

తలలన్నీ తిరిగాయి. భాస్కర్ మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరిగి, “సారీ ఎవడు చెప్తున్నాడు?” అన్నాడు అంతే గట్టిగా. నోట్లోంచి వచ్చాక తనే ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు.

అప్పుడు వీలర్‌తో ఇంగ్లీషులో అన్నాడు. “నేను నైనిక తండ్రిని. ఆ గోడ మీద మాట చదివాను. సరిగ్గా ఉంది.”

“చాలా అందంగా రాసింది,” అంది వీలర్. “విషయం అది కాదండీ.”

“నాకు మాత్రం విషయం అదే.”

ఆయన వచ్చి భార్యకి ఇవతల నిలబడ్డాడు. పట్టుకోవడానికి మూడో అంచు లేక చేతులు కట్టుకున్నాడు.

తర్వాతి వారం కాలేజీ క్రమశిక్షణ కమిటీ నైనికని పిలిచింది. బల్లకి అవతల వీలర్, ఇంకో ఇద్దరు. క్షమాపణ రాసిస్తే విషయం ఇక్కడితో ముగుస్తుందన్నారు. నైనిక రాయనంది. గోడ పాడుచేసినందుకు హెచ్చరిక రికార్డులోకి ఎక్కుతుందన్నారు. ఎక్కించండి అంది.

“ఒక్క ప్రశ్న,” అంది వీలర్. “మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మళ్లీ చేస్తావా?”

“చేస్తాను,” అంది నైనిక. ఒక్క క్షణం ఆలోచించింది. “కాకపోతే త కొంచెం సన్నగా రాస్తాను. తొందరలో పొట్ట లావైపోయింది.”

మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీలర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “అవును,” అంది. “నేనూ చూశాను.”

హెచ్చరిక రికార్డులోకి ఎక్కింది. రెకమెండేషన్ ఇంకెవరి దగ్గరో తీసుకోవాల్సి వచ్చింది. వేసవిలో గోడకి ఎప్పటిలాగే తెల్లరంగు వేసేశారు. చివరి సంవత్సరానికి క్లాసులు ఎంచుకునే రోజు, మిగతావాళ్లంతా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే వీలర్ అక్షరాల క్లాసులో నైనిక మొదటి పేరుగా చేరింది. ఫారంలో ప్రాజెక్టు ఏమిటని అడిగిన చోట, తెలుగు అక్షరాలు, అన్ని వత్తులతో సహా, అని రాసింది.