జపనీసు రాని టీచర్

మారిసెల్ టీచర్‌కు జపనీసు ఒక్క ముక్క రాదు. టొయామా శివార్లలో కొండ వాలున ఉన్న ఆ ప్రైవేటు ఆడపిల్లల పాఠశాలలో నేల తుడిచే ఆయన దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలిసిన సంగతే ఇది. రాదు కాబట్టే ఆవిడ ఇంగ్లీషు సంభాషణ క్లాసుకు అంత గిరాకీ. పిల్లలు చచ్చినట్టు ఇంగ్లీషులో మాట్లాడాలి, వేరే దారి లేదు. పాఠశాల గొప్పలు అచ్చేసి పంచే రంగు కాగితంలో ఆవిడ నవ్వు మొహం పక్కన ఆ మాటే పెద్ద అక్షరాల్లో ఉండేది.

శుద్ధ అబద్ధం. ఆవిడ పుట్టింది ఫిలిప్పీన్స్‌లోనే గానీ, ఒసాకా మనిషిని పెళ్లి చేసుకుని వచ్చి, అతనితో పొసగక విడిపోయి, అక్కడే లంచ్ డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టు చేసింది. చలిగదిలో టోపీ, మాస్కు, రెండు జతల గ్లౌజులు వేసుకుని అన్నం ముద్దల మీద ఊరబెట్టిన పండు ఒక్కొక్కటే అద్దుతూ, పక్కన నిలబడ్డ ఆడవాళ్ల దగ్గర నేర్చుకుంది జపనీసు. వేళాకోళాలూ తిట్లూ బేరాలూ అన్నీ ఒసాకా యాసలోనే వచ్చాయి. అలాంటి మనిషికి పగటి పూట ఉద్యోగం, కూర్చోడానికి కుర్చీ, పేరు చివర టీచర్ అన్న మాట దొరికాయంటే మాటలా?

ఉద్యోగం ఇచ్చిన రోజునే వైస్ ప్రిన్సిపాల్ కషివదె తలుపు దగ్గరగా వేసి చెప్పాడు. "మీకు జపనీసు వచ్చని నాకు తెలుసు, మీకు తెలుసు. మూడో మనిషికి తెలిసిన రోజున ఈ ఉద్యోగం ఉండదు. పిల్లల తల్లులు డబ్బు కట్టేది మీకు రాదన్నందుకే."

రాకపోవడం కూడా ఒక పనేనా అని నవ్వుకుంది అప్పుడు. ఇప్పుడు అడగండి చెబుతుంది, అదెంత పనో. ఆవిడ ఎదురుగానే పిల్లలు ఆవిడ గురించి మాట్లాడుకుంటారు. "ఆ స్కర్టు చూడవే, మా తాతమ్మ ఇంట్లో కర్టెన్ ఇదే." "జుట్టు ఇవాళ దువ్వుకుందంటావా?" ఆవిడ నవ్వుతూ నిలబడాలి. నాలుక దురద పెడుతుంది, బల్ల కింద కాలు ఆగదు. సాయంత్రానికి దవడలు నొప్పి.

అందుకే ఆదివారం వస్తే ట్రామ్ ఎక్కి, పాఠశాల వాళ్లెవరూ రాని అవతలి ఒడ్డు బజారుకు పోయేది. అక్కడ ఎండుచేపల్లా ఎండబెట్టిన స్క్విడ్ అమ్మే ముసలమ్మ ఒకతి ఉంది. ఆమె దగ్గర మారిసెల్ నోటికి తాళం ఊడేది.

"అవ్వా, స్క్విడ్ అంటివి, ఇది చెప్పు లెక్క గట్టిగున్నది."

"చెప్పు తిని చూశావేంటే, తేడా తెల్సినట్టు మాట్లాడతన్నావు?"

"మీ ఊర్ల అందరి పండ్లు ఇనుపవేనా ఏంది?"

"గట్టిగా నవ్వకే తల్లీ, లోపల మా మనవరాలు చదూకుంటంది." ముసలమ్మ కొట్టు వెనక నీలం తెర వైపు చూపించి తనే మరింత గట్టిగా నవ్వేది. మారిసెల్ ఆ మనవరాలిని ఎన్నడూ చూడలేదు, అడగనూ లేదు. ఆ అరగంట కబుర్లతోనే వారమంతా గడిపేసేది.

ఇలా ఉండగా నవంబరులో లెక్కల మాష్టారు ఇనామి గారి విగ్గు జారింది. పిల్లలు సొంతంగా చదువుకునే గంటలో ముసలాయన క్లాసులో కాపలా కూర్చుని కునుకు తీస్తుంటే విగ్గు కనుబొమల దాకా వచ్చి వాలింది. ఎవరో ఫోనులో తీసి లోకం మీదికి వదిలారు. పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా చూసి నవ్వాడంటే ఇక చూడని వాళ్లెవరు? ఆయన ఆ రోజు నుంచి పాఠశాలకు రాలేదు. భార్యతో కూడా మాట్లాడడం లేదని విని, ముందు నవ్విన వాళ్లే తలలు దించుకున్నారు.

ఎవరు తీశారో తేల్చాలి. వీడియో తీసిన కోణం చూస్తే అది కిటికీ పక్కన చిహారు కూర్చునే చోటు. ఆ సమయంలో వెనక మెట్ల మీద కూర్చున్నానని ఆ పిల్ల చెప్పింది గానీ చూసిన వాళ్లు లేరు. క్లాసులో వాళ్లు నోరు మెదపలేదు. చిహారు మాటలు తక్కువ పిల్ల. ఇంగ్లీషు క్లాసులో ఏడాది మొత్తం మీద గుడ్ మార్నింగ్ దాటి ముందుకు పోలేదు. కానీ చదువులో మొదటి వరస. కనజావాలో మంచి విశ్వవిద్యాలయానికి ఈ పాఠశాల ఏటా ఒక్కరినే సిఫారసు చేస్తుంది, ఈ ఏడు ఆ ఒక్క సీటూ తనదే. తప్పు తనదని తేలితే సీటు పోయినట్టే.

ఆ వారంలోనే ఇంగ్లీషు గదిలో పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఆదివారం ఏం చేశారో ఒకరినొకరు అడుగుతున్నారు. మారిసెల్ బల్లల మధ్య తిరుగుతోంది. మొమోకా అనే పిల్ల మొహాన నవ్వు చెదరకుండా తన నేస్తం అయానెతో జపనీసులో అంటోంది.

"ఆ రోజు చిహారు బయటికి పోయింది కదా, దాని సీట్లో కూర్చుని తీశా. అక్కణ్ణుంచే విగ్గు వీడియోలో బాగా పడింది."

"మెల్లగా. టీచరు ఉంది."

"ఉంటే? కుర్చీ ముందు మాట్లాడినా ఒకటే, ఆవిడ ముందు మాట్లాడినా ఒకటే. నా ఫోన్‌లోంచి తీసేశా. నీకు పంపింది ఉంచావా?"

"ఉంది. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది, తీసెయ్యబుద్ధి కావట్లేదు."

మొమోకా తలెత్తి మారిసెల్‌ను చూసి, శుభ్రమైన ఇంగ్లీషులో, "టీచర్, నాకు స్ట్రాబెర్రీలంటే ఇష్టం," అంది.

"వెరీ గుడ్," అంది మారిసెల్. తన నోరే ఆ మాట అన్నదంటే నమ్మబుద్ధి కాలేదు. వెనక బల్ల దగ్గర చిహారు పెన్సిలు ఆగింది. ఆ పిల్ల విందో లేదో చూడడానికి ధైర్యం చాలక మారిసెల్ బోర్డు వైపు తిరిగింది.

గంట కొట్టగానే కషివదె గదికి పోయింది. విన్నదంతా పొల్లు పోకుండా చెప్పింది. ఆయన టీ తాగుతూ విన్నాడు.

"ఏ భాషలో మాట్లాడుకున్నారు వాళ్లు?"

"జపనీసులో."

"అయితే మీరు వినలేదండి."

"సార్, ఒక పిల్ల బతుకు..."

"మూడేళ్లుగా మీ ముందు ఎందరు పిల్లలు ఏమేం మాట్లాడుకున్నారో ఆలోచించండి. అవన్నీ విన్నారని తెలిస్తే ఆ తల్లులు ఊరుకుంటారా? మార్చిలో మీ ఉద్యోగం కాగితాలు మళ్లీ రాయాలి. నాకు రాయాలనే ఉంది." కప్పు కింద పెట్టి పని చూసుకోవడం మొదలుపెట్టాడు.

మారిసెల్‌కు ఆ తర్వాత కాలు ఒక చోట నిలవలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. చెబుదామని ప్రిన్సిపాల్ గది తలుపు దాకా పోయేది. చలిగది, టోపీ, అన్నం ముద్దలు గుర్తొచ్చి వెనక్కి తిరిగేది. చిహారు కనబడితే తల తిప్పుకునేది. ఆ పిల్ల మాత్రం క్లాసులో తననే చూస్తున్నట్టు అనిపించి ఒళ్లు మండేది. ఎందుకే తల్లీ నన్ను చూస్తావు, నేనేం చేయగలను అని లోపల్లోపల కసురుకునేది. తప్పు తనదని తెలిసే ఆ కసురు.

ఆదివారం అవ్వతో చెప్పుకుందామని అవతలి ఒడ్డుకు పోయింది. కొట్టు మూసి ఉంది. ఏడాదిలో ఎప్పుడూ మూయని కొట్టు. పక్క కూరగాయలామెను అడిగితే, ఇంట్లో ఏదో ఇబ్బందట, అంతకు మించి తెలియదంది. వర్షంలో కాసేపు ఊరికే నిలబడి వచ్చేసింది.

మంగళవారం సాయంత్రం విచారణ పెట్టారు. ఆ క్లాసుకు చెప్పే టీచర్లందరూ రావాలి. మారిసెల్ పక్కన కషివదె కూర్చున్నాడు, జరిగేదంతా ఆవిడకు ఇంగ్లీషులో చెప్పడానికట. ఎంత నటనో చూడండి. ప్రిన్సిపాల్ ఉఒజుమి గారు తలుపు తీయమన్నారు. ముందు చిహారు వచ్చింది. వెనక, ఆ పిల్ల తరఫు పెద్దగా, బూడిద రంగు కిమోనోలో ఒక ముసలమ్మ వచ్చింది.

స్క్విడ్ అవ్వ.

ఇప్పుడు అవ్వ పలకరిస్తుంది, ఏంటే ఇక్కడున్నావని అంటుంది, అంతటితో అయిపోయింది. అవ్వ ఒక్కొక్క టీచర్‌కే నమస్కరిస్తూ వచ్చింది. మారిసెల్ ముందు ఆగింది. కళ్లెత్తలేదు. నడుము సగానికి వంచి, ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా, "మొదటిసారి కలుస్తున్నామండి. మా పిల్లకు చదువు చెబుతున్నారు, చాలా రుణపడి ఉన్నాం," అని ముందుకు సాగింది.

కషివదె ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి మారిసెల్ చెవిలో చెప్పాడు.

ప్రిన్సిపాల్ అడిగారు. "చిహారూ, నువ్వు కాదంటున్నావు. నీ మాట నిజమని చెప్పగలిగిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?"

చిహారు మారిసెల్ వైపు చూడనే లేదు. "లేరండి," అంది.

"తప్పు ఒప్పుకుంటోంది," అన్నాడు కషివదె ఇంగ్లీషులో, గుసగుసగా.

అంతే, మారిసెల్‌కు తిక్క రేగింది. కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది.

"సార్, జర ఆ ఇంగ్లీషు బంద్ చెయ్యుండ్రి. నాకు మంచిగనే సమజైతున్నది. ఆ పిల్ల లేరన్నది, ఒప్పుకోలే." పాఠశాల గదిలో ఎన్నడూ వినబడని ఒసాకా ఫ్యాక్టరీ యాస అది. "ఈ పిల్ల తియ్యలే. మొమోకా తీసింది. నా ముందట కూసోని, నా మొఖం చూసుకుంటనే చెప్పింది. నమ్మకుంటే అయానె ఫోన్ తెప్పించి చూడుండ్రి, దాంట్ల ఇంకా ఉన్నది." తర్వాత ముసలమ్మ వైపు తిరిగింది. "ఇగ నువ్వు, అవ్వా. మొదటిసారెక్కడిది? పోయిన నెల స్క్విడ్ కాడ నాతోని అరగంట కొట్లాడితివి."

అయానెను పిలిపించారు. ఫోను అడగగానే ఏడ్చేసింది, వీడియో అందులోనే ఉంది. మొమోకాను పిలిపిస్తే ఆమె ఏడవను కూడా లేదు, మారిసెల్‌నే చూస్తూ నిలబడింది. చిహారు సీటు చిహారుదేనని ప్రిన్సిపాల్ చెప్పి, తనే లేచి అవ్వ ముందు తల వంచారు. మారిసెల్‌తో మాత్రం, "వచ్చే ఏడు సంగతి నిదానంగా మాట్లాడుకుందాం," అన్నారు. ఆ దేశంలో అన్నేళ్లు ఉన్న మనిషికి ఆ మాటకు అర్థం చెప్పాలా? ఉద్యోగం పోయింది. కషివదె ఆవిడ వైపు చూడకుండా బయటికి నడిచాడు.

చెప్పులు మార్చుకునే చోట అవ్వ పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ నోరు మామూలే.

"పాడు చేశావు కదే. నిన్నంతా నా చేత గోడకేసి దండాలు పెట్టించిందే ఈ పిల్ల. 'బామ్మా, ఆవిడ కనబడితే నవ్వకు, పలకరించకు, కొత్త మనిషిని చూసినట్టు వంగు, లేకపోతే ఆవిడ ఉద్యోగం పోద్ది,' అని. నా నడుం పడిపోయింది."

మారిసెల్ గొంతు తగ్గించింది. "తనకెట్ల తెలుసు నాకు భాషొస్తదని?"

"ఏడాదిగా తెర వెనకే కూర్చుంటంది కదే. నీ గొంతు దానికి తెలీదా?"

చిహారు రెండడుగుల దూరంలో గొడుగులు పట్టుకుని నిలబడి ఉంది. మారిసెల్ ఆ పిల్ల దగ్గరికి పోయింది.

"మొమోకా మాట్లాడంగ నువ్వు గూడ విన్నవా?"

"విన్నాను."

"నేను విన్నానని గూడ తెలుసు నీకు. మరి ప్రిన్సిపాల్ అడిగితే నా పేరు ఎందుకు చెప్పలే బిడ్డా?"

చిహారు తల దించుకుంది. "మీరే చెబుతారేమో అని చూశాను టీచర్. రోజూ చూశాను."

మారిసెల్‌కు సిగ్గుతో మొహం కాలిపోయింది. ఇన్నాళ్లూ ఉద్యోగం కోసం పడ్డ బెంగ ఆ మాట ముందు నిలవలేదు. "లేటు చేసిన," అంది. "తప్పైంది బిడ్డా."

బయట వానలో మంచు కలిసి పడుతోంది. మారిసెల్ గొడుగు తెచ్చుకోలేదు. చిహారు తన చేతిలో ఉన్న రెండు గొడుగుల్లో తనది విప్పి ఆవిడ చేతికిచ్చి, బామ్మ గొడుగు కిందికి వెళ్లి నడిచింది.